ఒకరు తక్కువ

మా అపార్ట్‌మెంటు లిఫ్టుకు ఈమధ్య రంగు వేయించారు. పండుమిరపకాయ రంగు. వేయించినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు గాని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా కారం డబ్బాలో కాలు పెడుతున్నట్టుంటుంది. గుంటూరులో కారం కరువై ఎవరూ పోయిన దాఖలా లేదు, లిఫ్టులో కూడా అవసరమా అని అసోసియేషన్ కార్యదర్శిని అడిగాను. అందరూ ఒప్పుకున్నారు కదండీ అన్నాడాయన. నేనెప్పుడు ఒప్పుకున్నానంటే, వాట్సాప్ గ్రూపులో పెట్టామనీ, ఎవరూ కాదనలేదనీ, కాదనకపోతే అవునన్నట్టేననీ ఓపిగ్గా వివరించాడు. వాళ్ళు గ్రూపులో పెట్టిన ఆదివారం నేను వాడరేవులో ఉన్నాను. ఫోనుకు సిగ్నల్ అందని చోట, ఎండుచేపల పక్కన నిలబడి, లిఫ్టు రంగుకు నా సమ్మతి తెలియజేశానన్నమాట.

ఈ దేశంలో ఇంతకంటే పెద్ద అన్యాయాలున్నాయి గనుక ఆ సంగతి వదిలేద్దును. కాని "అందరూ" అన్న మాట వినపడినప్పుడల్లా నా చెవిలో ఇంకో గొంతు పలుకుతుంది. సన్నగా, కాస్త ముక్కుతో, చాలా మర్యాదగా.

"ఒకరు తక్కువండి."

ఆ గొంతు గల మనిషి మొన్న మిరప కోతల రోజుల్లో పోయారు. గుండె ఆగింది. ఎవరినీ సంప్రదించకుండా ఆవిడ తీసుకున్న నిర్ణయం జీవితం మొత్తంలో అదొక్కటే.

ఆవిడ మా కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. నాది ఎకనామిక్స్. ఇద్దరికీ ఒకే స్టాఫ్ రూము, ఒకే ఫ్యాను. పొట్టి మనిషి. ముతక నేత చీర, భుజాన పెద్ద సంచీ. గుంటూరులో పుట్టి, గుంటూరులో పెరిగి, కారం తినలేని మనిషి. క్యారియరులో ముద్దపప్పు, పెరుగన్నం తప్ప మరొకటి చూసి ఎరుగను. మార్కెట్ యార్డుకు మిరపకాయ లారీలు మొదలైతే ఊరంతా ఒకసారి తుమ్మితే ఆవిడ రోజంతా తుమ్మేవారు. మా ఊళ్ళో కారం తినలేని మనిషికి మైనారిటీ అంటే ఏమిటో పుస్తకం చూసి తెలుసుకోవలసిన పని లేదు.

ఆ సంచీలో ఎప్పుడూ చీటీలుండేవి. పాత జవాబు పత్రాల్లో రాయకుండా మిగిలిన భాగాన్ని స్కేలు పెట్టి చింపి, రబ్బరు బ్యాండు వేసి ఉంచుకునేవారు. ఎందుకో నాకు మొదట్లో తెలియలేదు. ఒకసారి స్టాఫంతా పిక్నిక్కు వెళదామనుకున్నాం. ప్రిన్సిపాలుగారు వాడరేవు అన్నారు. అందరికీ ఓకేనా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బస్సు సంగతిలోకి వెళ్ళబోయారు. అప్పుడు విన్నాను ఆ మాట మొదటిసారి. ఒకరు తక్కువండి.

ప్రిన్సిపాలుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. మరి మీరెక్కడికి వెళదామంటారమ్మా అన్నారు.

"నేనూ వాడరేవేనండి. ఆ మూల తెలుగు మాస్టారు నోరు తెరిచి మూసేశారు. ఆయన సంగతేమిటో కనుక్కోండి."

తెలుగు మాస్టారు కంగారుపడి, అబ్బే నాకేం లేదండీ అన్నారు. ఆవిడ సంచీ తెరిచి చీటీలు పంచారు. లెక్కపెడితే ఒక్క చీటీలో కోటప్పకొండ అని ఉంది, అందమైన చేతిరాతలో. వాడరేవే వెళ్ళాం. అయితే బస్సులో వెళుతున్నంతసేపూ, నాది కూడా ఒకటి పడింది సార్ అని తెలుగు మాస్టారు నాతో ఎన్నిసార్లు చెప్పారో! ఓడిపోయినందుకు అంత హుషారుగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. సముద్రంలోకి మా అందరికంటే ముందు దిగింది ఆయనే.

చాలామంది ఆవిడను గొడవమనిషి అనుకునేవారు. అది అన్యాయం. తనకోసం ఆవిడ "ఒకరు తక్కువ" అనగా నేను వినలేదు. ఎవరో నోరు తెరిచి మూసుకుంటారు, అది ఆవిడ కంట పడుతుంది, అంతే. క్లాసులో కూడా ఇదే వరస. పిల్లలంతా అర్థమైందండీ అని కోరస్ పాడితే, వెనక బెంచీ వైపు చూసి, ఒకరు తక్కువ అని మళ్ళీ మొదటినుంచీ చెప్పేవారు. సిలబస్ ఎప్పుడూ పూర్తయ్యేది కాదు. దీనిమీద ఆవిడకు మెమోలు కూడా వచ్చాయి.

పరిశోధన కూడా ఆ మనిషికి తగ్గదే దొరికింది. లేక ఆవిడే వెతుక్కున్నారో.

మా వైపు పంచాయతీ ఎన్నికలొచ్చాయంటే, ఎవరు నిలబడతారు అన్నదానికంటే ముందు ఇంకో ప్రశ్న వస్తుంది. ఎన్నిక పెట్టుకుందామా, ఏకగ్రీవం చేసుకుందామా? ఎన్నికంటే ఖర్చు, మందు, ఐదేళ్ళ కక్ష. ఏకగ్రీవమంటే ప్రభుత్వం ఇచ్చే పారితోషికం, పేపర్లో ఫొటో. ఎవరికి చేదు? పెద్దలు కూర్చుంటారు. ఒక పేరు తేలుతుంది. నామినేషన్ వేసిన మిగతావాళ్ళు మండలాఫీసుకు వెళ్ళి, వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి వస్తారు. మర్నాడు "ఊరంతా ఒక్క మాట" అని వార్త. ఆ ఒక్క మాట ఎవరిదని పేపరువాళ్ళు అడగరు.

ఆవిడ అడిగారు. గెలిచినవాళ్ళ గురించి అందరూ రాస్తారు, ఓడినవాళ్ళ గురించి కూడా కొందరు రాస్తారు, తప్పుకున్నవాళ్ళ గురించి రాసినవాళ్ళెవరున్నారండీ అనేవారు. రికార్డు ప్రకారం వాళ్ళు అసలు నిలబడనే లేదు. అలాంటివాళ్ళను వెతుక్కుంటూ సెలవుల్లో బస్సులెక్కి పల్నాడు నుంచి ఒంగోలు దాకా తిరిగారు.

మా సొంతూరు అద్దంకి దగ్గర. అక్కడ కూడా ఏకగ్రీవమేనని నోరుజారాను. తీసుకెళ్ళక తప్పింది కాదు.

మా పెదనాన్న అరుగుమీద కూర్చోబెట్టి సపోటాలు పెట్టించాడు. ఊరికి పెద్దమనిషి ఆయన. మా ఊళ్ళో గొడవలుండవమ్మా, ఎలక్షనే లేనప్పుడు ఇంక గొడవేంది అన్నాడు. ఆ మాట ఆయన హాస్యానికి అనలేదు. ఆవిడ సపోటా తొక్క తీస్తూ, పోటీ ఎవరూ లేరాండీ అని అడిగారు. లేరన్నాడు. ఎదుటివాళ్ళు నోరు మూసుకున్నాక కూడా కాసేపు వాళ్ళ వంకే చూస్తూ కూర్చోవడం ఆవిడ పద్ధతి. పెదనాన్న కాస్త ఇబ్బందిగా కదిలి, "అంటే, ఉండింది గాని లేదమ్మా" అన్నాడు.

ఉండింది గాని లేని ఆ మనిషి పేరు సువార్తమ్మ. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రి. నోటిదురుసు మనిషి. రైతులు కూలి రేటు మాట్లాడటానికి ఆమె దగ్గరికి వెళ్ళేముందు మంచినీళ్ళు తాగి వెళతారని మా ఊళ్ళో అంటారు. ఆసారి సర్పంచి పదవి ఎస్సీ మహిళకు వచ్చింది. పెద్దలు తమ దగ్గర పాలేరుగా ఉండే ఒకతని భార్యను నిలబెట్టారు. ఆమె పేరేమిటో సగం ఊరికి ఆమె సర్పంచి అయ్యాకే తెలిసింది. ఎవరినీ అడక్కుండా నామినేషన్ వేసింది సువార్తమ్మ.

మేం వెళ్ళేసరికి కళ్ళంలో ఉంది. ఎర్రటి రాశుల మధ్య ఆడవాళ్ళు, ముక్కులకు గుడ్డలు. ఎవరు పంపారు మిమ్మల్ని అంది. ఎవరూ పంపలేదన్నారు ఆవిడ.

"అట్టాగైతే కూర్చోండి మేడమ్ గారూ. ఊరికే కూర్చోమాకండి, చెయ్యి ఆడనియ్యండి. మా పని ఆగిద్ది."

కారం తినలేని మనిషి కళ్ళంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీశారు, పొద్దు వాలేదాకా. నాకు వెంటనే ఒక అత్యవసరమైన ఫోను వచ్చినట్టు గుర్తు. గట్టు మీదనుంచే చూశాను. తుమ్ముతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు, ఆ చేత్తోనే తుడుచుకున్నందుకు మళ్ళీ ఏడుస్తున్నారు. చుట్టూ ఆడవాళ్ళు నవ్వి నవ్వి పడిపోతున్నారు. కన్నీళ్ళు కారుస్తూనే ఆవిడ అడుగుతున్నారు, సువార్తమ్మ చెబుతోంది. తప్పుకోమని మొదట ఎవరు చెప్పారు, ఏమని చెప్పారు, తర్వాత ఎవరొచ్చారు. తిరుగు ప్రయాణంలో చేతులు మండి ఆవిడ పర్సు కూడా తీయలేకపోయారు. మజ్జిగ నేనే తాగించాను.

మజ్జిగ తాగుతూ చెప్పారు, తాను తిరిగిన ఊళ్ళన్నిటిలోనూ వరస ఒకటేనని. తర్వాత తర్వాత ఇది ఆవిడ సామెతలా అయింది.

"ముందు టీ వస్తుందండీ. తర్వాత చుట్టం వస్తాడు. చుట్టంతో పనవకపోతే దేవుడొస్తాడు. అప్పటికీ వినకపోతే 'వచ్చేసారి నీదే' వస్తుంది. అందరికంటే ఆఖర్న వచ్చేది అదే. రానిది ఆ వచ్చేసారి ఒక్కటే."

సువార్తమ్మకు కూడా అలాగే వచ్చాయి. పెద్దలు టీ తాగించారు. మేనమామ వచ్చి బతిమాలాడు. చర్చికి ప్రహరీ కట్టిస్తామన్న పెద్దల మాట పట్టుకుని సంఘస్తులు వచ్చి ప్రార్థన చేశారు. వచ్చేసారి నీదేలే అన్నారు. సంతకం పెట్టింది. ఆ ప్రహరీ ఇప్పటికీ పునాది దగ్గరే ఉంది, మేకలు పడుకోవడానికి బాగుంటుంది. ఆమె చివర్లో చెప్పిన ముక్క ఆవిడను చాలా రోజులు వదల్లేదు. సంతకం పెట్టి బయటికి రాగానే అందరూ తనను చూసి నవ్వారట. మంచిగానే నవ్వారట. ఇంటికెళ్ళి అద్దంలో మొకం చూసుకోబుద్ధి కాలేదు మేడమ్ అందట.

ఇక బహుమతి సంగతి.

రాజనీతి శాస్త్రం చెప్పేవాళ్ళకు ఒక పరిషత్తు ఉంది. ప్రజాస్వామ్యం జనంలోకి ఎంతవరకు వెళ్ళిందన్న విషయం మీద వచ్చిన పరిశోధనల్లో ఉత్తమమైనదానికి ఏటా ఒక బహుమతి ఇస్తారు. చిలకలూరిపేట రోడ్డులో మిరప కోల్డ్ స్టోరేజీలున్న ఒకాయన తన తండ్రి పేరు మీద పెట్టించాడు. సరుకును చెడకుండా దాచడం ఆయన వృత్తి గనుక ప్రజాస్వామ్యం మీద అభిమానం ఉండటం సహజమే. చెడ్డవాడు కాదు. ఆయనకున్న కోరికల్లా ఒక్కటే: మా నాన్నగారి పేరు మీద ఓటింగులూ గీటింగులూ వద్దండి, రచ్చయిద్ది. 

నియమావళి మాత్రం మరోలా ఉంది. పాతకాలం మనిషెవరో రాసినట్టున్నాడు. తుది వడపోతలో ఒకటికంటే ఎక్కువ రచనలు మిగిలితే, సర్వసభ్య సమావేశంలో రహస్య ఓటు పెట్టాలి. ఆ ఓటు ఎన్నడూ పెట్టింది లేదు. ప్రతి ఏడూ ఒక్కటే మిగిలేది. ప్రజాస్వామ్యం ఎలా విస్తరిస్తుందో తేల్చే విద్వాంసుల సభలో ఓటు పెట్టడం అంటే పెళ్ళిలో తుమ్మడమంత అపశకునం. ఈ ముక్క రాస్తుంటే నాకు నవ్వు రావలసింది. రావడం లేదు.

ఆ ఏడు రెండు మిగిలాయి. ఒకటి ఆవిడది, తప్పుకున్నవాళ్ళ గురించి. రెండోది ఒక ప్రొఫెసరు గారిది, ఏకగ్రీవ పంచాయతీలు గ్రామ సామరస్యానికి నమూనాలని. ఆయన ఏ ఊరూ వెళ్ళినట్టు పుస్తకంలో ఆధారం లేదు. ప్రభుత్వ ప్రకటనలన్నీ శ్రద్ధగా చదివారు. బైండింగు బాగుంది.

ముందు టీ వచ్చింది. పరిషత్తు కార్యదర్శి కాలేజీకి వచ్చి, దగ్గర్లోని హోటలుకు తీసుకెళ్ళి టీ తాగించి, ప్రొఫెసరు గారు పెద్దాయన, వచ్చే ఏడు రిటైరవుతున్నారు, చూసుకోండి అన్నాడు. ఆవిడ స్టాఫ్ రూములోకి వస్తూనే, వర్షం పడుతుందని రేడియోలో వార్త చదివినట్టుగా, "టీ వచ్చిందండీ!" అన్నారు. మొహం వెలిగిపోతోంది. పుస్తకంలో రాసింది కళ్ళముందు జరిగితే ఎవరికుండదు సంబరం? తర్వాతి వారం చుట్టం వచ్చాడు. పొన్నూరులో టీచరు చేసే తమ్ముడు. అక్కా, మా హెడ్మాస్టరు చేత చెప్పించారే, నీకెందుకే ఈ గొడవ, నాకు బదిలీ టైము అని తలపట్టుకున్నాడట. ఆ తర్వాత దేవుడు కూడా ఆలస్యం చేయలేదు. వాళ్ళ పాస్టరుగారు ఇంటికొచ్చి, ఈ కుమార్తెకు వినయమను ఆభరణమును ప్రసాదించుము తండ్రీ అని ప్రార్థన చేశారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఆమెన్ అని, ఓటింగు మాత్రం ఉంటుందండీ పాస్టరుగారూ అని, ఆయనకు బిస్కెట్లు పెట్టారు.

నాలుగోది పరిషత్తు అధ్యక్షులవారే స్వయంగా ఫోను చేసి చెప్పారు. వచ్చేసారి నీదేనమ్మా.

ఆరోజు ఆవిడ స్టాఫ్ రూములో వార్త చదవలేదు. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుస్తూ చాలాసేపు కూర్చున్నారు. నేను తెలివైన సలహా ఒకటి ఇచ్చాను. ఎలాగూ వాళ్ళకే వస్తుంది, ఓటు పెట్టినా మీకు పడేది మీ ఓటొక్కటే, మరెందుకండీ ఇదంతా అన్నాను.

"బహుమతి నాకు రాదని నాకూ తెలుసండీ. ఓడిపోతాను. ఇద్దరు నిలబడ్డారు, ఒకరు ఓడిపోయారు అని రాస్తారు కదా, నాకు అది కావాలి. సువార్తమ్మకి ఆ మాత్రం కూడా మిగల్లేదు."

బహుమతి కోసం పోరాడేవాళ్ళను చాలామందిని చూశాను. ఓటమి కోసం ఇంత పట్టుదలగా పోరాడిన మనిషిని ఒక్కరినే చూశాను. అది అడిగినా ఇవ్వలేకపోయారు.

సభ కోల్డ్ స్టోరేజీ ఆయన ఫంక్షన్ హాల్లోనే. అరటి పిలకలు కట్టారు. దాతగారి ముచ్చట కొద్దీ నాదస్వరం కూడా పెట్టించారు. శాలువా కప్పేటప్పుడు వాయించడానికి. నేను సభ్యుణ్ణి కాను, ఆవిడ పిలిస్తే భోజనానికి వెళ్ళినవాణ్ణి. మా వరసలో చివరి కుర్చీలో సువార్తమ్మ. ఆవిడే కబురు పెట్టి రప్పించారు. ఓటు ఎట్టా వేస్తారో చూద్దామని వచ్చానంది. ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. పరిషత్తువాళ్ళు చీటీలు మర్చిపోతారేమోనని తన చీటీలు కూడా తెచ్చుకున్నారు. అంత నమ్మకం ఆ మనిషికి.

అధ్యక్షులవారు మైకు దగ్గరికి వచ్చారు. తుది పరిశీలనలో రెండు ఉత్తమ రచనలు మిగిలాయనీ, అయితే మన సోదరి పెద్దమనసుతో తన రచనను వెనక్కి తీసుకున్నందువల్ల, ప్రొఫెసరు గారిని పరిషత్తు ఏకగ్రీవంగా ఎన్నుకున్నదనీ ప్రకటించారు. సోదరి అక్కడే, ఆయన కళ్ళముందే, మొదటి వరసలో కూర్చుని ఉంది. పక్క ఊళ్ళో ఉన్న మనిషి గురించి కూడా ఇంత నిబ్బరంగా అబద్ధమాడటం కష్టం.

అందరికీ అంగీకారమేగా అన్నారు.

ఆవిడ లేచి నిలబడి చెయ్యెత్తారు. నోరు తెరవడం చూశాను. ఏమంటారో నాకు తెలుసు, మా కాలేజీలో బెంచీలకు కూడా తెలుసు. అంతలో వేదికమీదనుంచి కార్యదర్శి సన్నాయి వాళ్ళ వైపు తిరిగి వేలు ఊపాడు.

గట్టిమేళం.

తాళి కట్టేవేళ అపశకునపు మాట ఏదీ చెవిన పడకుండా వాయిస్తారే, అది. డోలు వాళ్ళకేం తెలుసు పాపం, సైగ చేస్తే వాయించడం వాళ్ళ పని, వాయించారు ప్రాణం పెట్టి. ప్రొఫెసరు గారికి శాలువా కప్పారు, పువ్వులు చల్లారు, సభ్యులంతా లేచి చప్పట్లు కొట్టారు. చదువుకున్నవాళ్ళు, రాజ్యాంగం పాఠం చెప్పేవాళ్ళు, ఒకళ్ళా ఇద్దరా! నేనూ లేచి ఏదో అరిచాను. ఏమని అరిచానో నాకే వినపడలేదు. ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. మేళం ఆగేదాకా చెయ్యి దించలేదు. ఆగేసరికి వందన సమర్పణ మొదలైంది, భోజనాలు సిద్ధమన్నారు.

ఆవిడ భోజనం మానలేదు. నేనూ సువార్తమ్మా అటూ ఇటూ కూర్చుంటే మధ్యలో విస్తరి ముందు కూర్చుని పెరుగన్నం తిన్నారు. గోంగూర వడ్డించబోతే ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టారు. ఓటేది మేడమ్ అని సువార్తమ్మ అడిగింది. పెట్టలేదమ్మా అన్నారు. ఒక ముద్ద దగ్గర ఆవిడ చెయ్యి ఆపి, నా వైపు తిరిగి, నేను తప్పుకోలేదు కదండీ అన్నారు. నన్ను సాక్ష్యం అడిగినట్టు కాదు, తనే ఒకసారి సరిచూసుకున్నట్టు. మనిషి చేత ఆ ప్రశ్న వేయించారే, అందుకు వాళ్ళను నేను క్షమించలేదు. శాలువా ఎవరికి కప్పినా నాకు బాధ లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, రిటైరయ్యాక కూడా, ప్రతి ఏడూ పరిషత్తు సమావేశానికి వెళ్ళారు. గత సమావేశాల తీర్మానాలు ఆమోదిస్తున్నామనగానే లేచేవారు. ఆ ఏటి తీర్మానం తప్పండి, ఒకరు తక్కువండి, సరిదిద్దండి. మొదట్లో గతం గతః అన్నారు. తర్వాత నవ్వారు. తర్వాత, ఆవిడ ఎక్కే బస్సు ఎప్పుడు చేరుతుందో కనుక్కుని, ఆ అంశాన్ని అంతకు ముందే ముగించడం నేర్చుకున్నారు. ప్రొఫెసరు గారి పుస్తకాన్ని ఎవరైనా చదివారో లేదో తెలియదు గాని, ఒక ముసలావిడ బస్సు వేళలను అంత లోతుగా పరిశోధించిన విద్వత్పరిషత్తు మరొకటి ఉండదు. ఆ అంశం మీద కూడా ఒక బహుమతి పెట్టవచ్చు.

నేను ఆటపట్టించేవాణ్ణి, మీరు ముందురోజు బయల్దేరి వెళ్ళొచ్చు కదా అని. వాళ్ళు మారతారేమో చూద్దామండీ అనేవారు.

పోయినప్పుడు ఇంటికి వెళ్ళాను. తమ్ముడు బీరువా పక్కన ఉన్న సంచీ చూపించి, ఇవేం చేయాలో తెలియడం లేదు సార్ అన్నాడు. కొత్తగా చింపిన చీటీలు, రబ్బరు బ్యాండు వేసి. నేను తెచ్చుకున్నాను. లిఫ్టు రంగు సంగతి తేల్చడానికి పనికొస్తాయని కాదు. ఊరికే.

పరిషత్తువాళ్ళు సంతాపసభ పెట్టారు. అదే ఫంక్షన్ హాలు. అరటి పిలకలు లేవు. ఆవిడ ఫొటోకు చేమంతి దండ. ఫొటోలో కూడా ఏదో చెప్పబోతున్నట్టే ఉన్నారు. అధ్యక్షులవారికి వయసు మీద పడింది, గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. ప్రొఫెసరు గారు కూడా వచ్చారు. ఆవిడ బతికుండగా ఒక్క తీర్మానంలో ఒక్క మాట మార్చనివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆవిడ ప్రశ్నించే తత్వం గురించి ముచ్చటగా మాట్లాడారు. నేను పళ్ళు బిగించుకుని విన్నాను. పళ్ళ డాక్టరు ఆ మధ్యే వద్దన్నాడు.

చివర్న అధ్యక్షులవారు లేచారు. ప్రజాస్వామ్యం మీద మహిళలు చేసే ఉత్తమ పరిశోధనకు ఇకనుంచి ఆవిడ పేరు మీద ఒక బహుమతి ఇవ్వాలని కార్యవర్గం నిర్ణయించిందన్నారు. అందరూ తలలూపారు. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఆ ఏడు బహుమతి పోటీనుంచి ఆవిడ పెద్దమనసుతో తప్పుకున్న తీరు మనందరికీ ఆదర్శమన్నారు. ఆ త్యాగానికి గుర్తుగానే ఈ బహుమతి అన్నారు. ఫొటో వైపు తిరిగి నమస్కారం పెట్టారు కూడా.

"అందరికీ అంగీకారమేగా?" అన్నారు.

సంతాపసభకు మేళం పెట్టరు. నేను నోరు తెరిచేలోపు నా వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. సువార్తమ్మ లేచి నిలబడింది. జుట్టు నెరిసింది, మనిషి కాస్త వంగింది. మైకు అక్కర్లేని గొంతు.

"ఆవిడ తప్పుకోలా. తప్పుకుంది నేను. తప్పుకున్నోళ్ళ మొకం ఎట్టా ఉంటదో నాకు తెలుసు."